గేర్లెన్ని అని కాదు, బాగుచేసే షాపు ఎక్కడ అని అడగాలి

నెల్లూరులోనో ఒంగోలులోనో పిల్లాడికి సైకిల్ కొనడానికి వెళ్లిన తండ్రి షాపులో అడిగే మొదటి మాట దాదాపు ఒకటే: గేర్లెన్ని? తర్వాత డిస్క్ బ్రేకులున్నాయా అంటాడు. ఆ తర్వాత ఫోన్ తీసి, ఆన్‌లైన్‌లో ఇంతకన్నా తక్కువకే వస్తోందే అంటాడు. అన్నిటికీ షాపాయన ఓపిగ్గా జవాబు చెబుతాడు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం అక్కడ ఎవరి నోటా రాదు. రేపు ఇది పాడైతే దీని సామాన్లు ఈ ఊళ్లో దొరుకుతాయా? బిగించడం తెలిసిన మనిషి ఉన్నాడా?

సైకిల్ కొనేది ఒక్కసారి. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని నడిపించేది పంచరు వేసేవాడు, బ్రేకు రబ్బర్లు మార్చేవాడు, చక్రం బెండు తీసేవాడు. సొంతంగా పెట్టుకున్న చిన్న సైకిల్ షాపులు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఎందుకు ఇరుకున పడ్డాయో, అయినా ఎలా నిలబడ్డాయో తెలియాలంటే అమ్మకాల లెక్క చూస్తే సరిపోదు, మరమ్మతు బల్ల దగ్గర నిలబడి చూడాలి.

పాత నల్ల సైకిళ్ల రోజుల్లో షాపు బలమంతా ఒక్క విషయంలో ఉండేది. ఏ కంపెనీ సైకిలైనా సామాను ఒకటే. మురుగప్ప గ్రూపు 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఫ్యాక్టరీ పెట్టింది. హెర్క్యులిస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లు దానివే. సోనిపట్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ముందు హ్యాండిల్ కింద అంటించే బిళ్లలు వేరు, రంగులు వేరు, కొలతలు మాత్రం ఒకటే. 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళం టైరు, అరంగుళం పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) చైను, కాటర్ పిన్నుతో బిగించే క్రాంకు, అంటే పెడల్ తగిలించే కాడ. కందుకూరులోనో పొదిలిలోనో చెట్టు కింద కూర్చున్న మెకానిక్ దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో కోన్లు, గోళీలు, కాటర్ పిన్నులు, వాల్ ట్యూబు చుట్ట, నాలుగు కట్టల స్పోకు పుల్లలు ఉంటే చాలు, వచ్చిన సైకిలల్లా బాగయ్యేది. ఎవరి దగ్గర కొన్నా ఎక్కడైనా బాగుచేయించుకోవచ్చు.

అప్పట్లో షాపుకు ఇంకో ఆదాయం అద్దె సైకిళ్లు. సైకిల్ ట్యాక్సీ అనేవాళ్లు. గంటకింత అని పుస్తకంలో టైము రాసి ఇచ్చేవాళ్లు. పిల్లలు అరసైకిల్ అద్దెకు తీసుకొని మోకాళ్లు దోక్కుపోయేలా నేర్చుకునేవాళ్లు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారన్న సంగతి ఈ ప్రాంతంలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నాయకుడు తొక్కినా మిల్లు కూలీ తొక్కినా సైకిల్ సామాన్లలో పెద్ద తేడా ఉండని కాలం అది.

1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. పాల క్యాన్లు, చేపల బుట్టలు, కూరగాయల గంపలు ఒక్కొక్కటిగా వాటి మీదికి ఎక్కాయి. అయినా మార్పు రాత్రికి రాత్రి జరగలేదు. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశం మొత్తం మీద నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది, మోటారు బండి ఉన్న ఇళ్లు 21 మాత్రమే. సైకిల్ షాపును దెబ్బతీసింది మోటారు బండే అని అందరూ అంటారు కానీ, అది సగం నిజమే. గిరాకీ తగ్గినా షాపులు తట్టుకున్నాయి. తట్టుకోలేనిది కొలతల గందరగోళాన్ని.

ఉదాహరణకు 26 అంగుళాల టైరు. పాత లేడీస్ సైకిలుకు ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాల వెడల్పున్న 26 టైరు వేస్తారు. దాని రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. లావు టైర్ల గేర్ సైకిల్ మీద కూడా 26 అనే ఉంటుంది, దాని రిమ్ము 559. రెంటికీ మధ్య 31 మిల్లీమీటర్ల తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. 28 అన్న పాత నల్ల సైకిల్ రిమ్ము 635 అయితే, ఇప్పటి హైబ్రిడ్, రోడ్ సైకిళ్ల 700సీ రిమ్ము 622. మధ్యలో 27.5 అని 584 రిమ్ము ఒకటి వచ్చింది. 29 అని కొత్తగా కనిపించేది మళ్లీ ఆ 622 రిమ్మే. వాల్వులూ మూడు రకాలయ్యాయి. వాల్ ట్యూబు తొడిగే పాతది, పెట్రోలు బంకులో గాలి పట్టే కారు రకం, సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా. టైరు పక్కన అచ్చేసిన చిన్న అంకెలు, 40-635 అనో 50-559 అనో ఉంటాయి; మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. వాటిని చూడకుండా ఫోన్లో 26 టైరు కావాలని చెప్పి తెప్పించుకుంటే డబ్బు, రోజు రెండూ పోతాయి. ఒకప్పుడు రెండు మూడు సైజుల టైర్లు వేలాడదీస్తే సరిపోయిన షాపు ఇప్పుడు పది సైజులు పెట్టాలి. అందులో నాలుగు సైజులు నెలకొకటి కూడా కదలవు. చిన్న పెట్టుబడితో నడిచే షాపుకు కదలని సరుకే పెద్ద టెన్షన్.

ఇక గేర్ల సంగతి. 21 గేర్లంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి అని లెక్క వేసి చెబుతారు. వాటిలో చాలా కలయికలు ఒకదానికొకటి దాదాపు సమానం. ముందు పెద్దది, వెనక పెద్దది వేసి తొక్కితే చైను అడ్డంగా సాగి తొందరగా అరుగుతుంది కాబట్టి వాడకూడనివి కొన్ని. నిజంగా పనికొచ్చేవి సగం ఉంటే గొప్ప. పెన్నా డెల్టాలో నేల చదును. నెల్లూరు నుంచి మైపాడు దాకా, బుచ్చిరెడ్డిపాళెం దాకా పైకెక్కేది ఏదైనా ఉందంటే కాలువల మీద వంతెనలే. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న మామూలు 28 సైకిల్ ఒక్క తొక్కుడుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి అరవై తొక్కుళ్లు తొక్కితే గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం. ఈ నేల మీద అంతకన్నా ఏం కావాలి?

ఒక్క ఇబ్బంది గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వీచే గాలికి ఎదురుగా మైపాడు వైపు, కొత్తపట్నం వైపు తొక్కాలంటే మోకాళ్లు పట్టేస్తాయి. దానికి వెనక ఏడు గేర్లు ఉంటే బోలెడు, ముందు మూడు చక్రాలు అక్కర్లేదు. పడమటి వైపు లెక్క మారుతుంది. రాపూరు నుంచి చిట్వేలు ఘాట్ ఎక్కేవాళ్లకు, గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లోకి వెళ్లేవాళ్లకు ముందు చిన్న పళ్ల చక్రం లేకపోతే దిగి నడిపించుకోవాల్సిందే. సైకిల్ ఎక్కడ తిరుగుతుందో అడక్కుండా గేర్లు ఎక్కువున్నదాన్ని అంటగట్టే షాపు తన కాళ్లు తానే నరుక్కుంటోంది. ఆ గేర్లు సరిగా పడక మూడు నెలలకే తిరిగొచ్చే పిల్లాడి ముందు సమాధానం చెప్పాల్సింది మళ్లీ ఆ షాపే కదా.

గేర్లు ఎందుకు సరిగా పడవు? తక్కువ ధర గేర్ సైకిళ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. చాలామంది కేబుల్ వదులైందనుకొని బిగించేస్తారు. తీరా చూస్తే తప్పు ఇంకోచోట ఉంటుంది. వెనక చక్రం కుడివైపు గేర్లు మార్చే డెరైలర్‌ను చట్రానికి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడివైపు పడినప్పుడు చట్రం పాడవకుండా ముందు ఇదే వంగాలని మెత్తగా చేస్తారు. స్కూల్లో వరసగా నిలబెట్టిన సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే ఒకేసారి నాలుగైదు హ్యాంగర్లు వంగుతాయి. రెండు మిల్లీమీటర్లు వంగినా చైను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మారడానికి తడబడుతుంది. విరిగితే ఇంకా కష్టం. హ్యాంగర్ల ఆకారాలు వందల రకాలు, ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కు సరిపోదు. 2019లో స్రామ్ కంపెనీ అన్ని చట్రాలకూ సరిపడే ఒకే హ్యాంగర్ తెచ్చింది కానీ అది ఖరీదైన సైకిళ్ల దగ్గరే ఆగింది. మన షాపుల్లో అమ్ముడయ్యే సైకిల్ హ్యాంగర్ విరిగితే కంపెనీకి ఫోన్ చేసి రోజుల తరబడి చూడాల్సిందే. కొనేరోజే ఒక హ్యాంగర్ అదనంగా అడిగి తీసుకొని సీటు కింద సంచిలో పెట్టుకోవడం మంచిది. ఈ మాట కొనేవాళ్లకు చెప్పే షాపు మంచి షాపు.

డిస్క్ బ్రేకులదీ ఇంతే. కేబుల్‌తో లాగే డిస్క్ బ్రేకును కొంచెం చెయ్యి తిరిగిన ఏ మెకానిక్కైనా సరిచేస్తాడు. ఆయిల్‌తో పనిచేసేవి వేరు. సైకిల్ సామాన్లు చేసే జపాన్ కంపెనీ షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలి. పక్కనున్న మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర డాట్ బ్రేక్ ఆయిల్ దొరికింది కదా అని పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పనికిరాకుండా పోతుంది. చదును నేల మీద స్కూలుకెళ్లే పిల్లలకు రబ్బర్లతో రిమ్మును పట్టే మామూలు వీ-బ్రేకులు చాలు. రబ్బర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి, ఐదు నిమిషాల పని.

తీరంలో ఇంకో శత్రువు ఉప్పు. కృష్ణపట్నం, మైపాడు, ఇసకపల్లి, కొత్తపట్నం చుట్టుపక్కల, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే సైకిళ్లకు తుప్పు పట్టే వేగం ఊళ్లో సైకిళ్లకుండదు. ముందు చైను ఎర్రబడుతుంది. తర్వాత స్పోకు చివర బిగించే నిప్పిళ్లు రిమ్ములో అతుక్కుపోతాయి. ఆ తర్వాత బెండు తీద్దామని తిప్పితే నిప్పిల్ తిరగదు, పుల్ల తెగుతుంది. అందుకే చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకు ఇనుప రిమ్ముల కన్నా అల్యూమినియం రిమ్ములు నయం. బ్రేకు కూడా తడిలో బాగా పడుతుంది. చైనుకు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పొయ్యడం ఇక్కడ మామూలు. ఖర్చు లేదు, చప్పుడూ తగ్గుతుంది. కానీ అందులో ఉండే లోహపు పొడి, దానికి అంటుకునే గట్ల ఇసుక కలిసి చైను పిన్నులను లోపలి నుంచి ఆకురాయిలా అరగదీస్తాయి. మంచినీళ్లతో ఉప్పు కడిగి, గుడ్డతో తుడిచి, పల్చటి ఆయిల్ లింకుకొక చుక్క వేసి, పైన అంటుకున్నది తుడిచేస్తే చైను చాలాకాలం వస్తుంది.

చైను ఎంత అరిగిందో తెలుసుకోవడానికి స్టీలు స్కేలు ఒకటి చాలు. చైను పిచ్ అరంగుళం కాబట్టి కొత్త చైనులో ఒక పిన్నును సున్నా అనుకొని దాని తర్వాతి పిన్ను నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా పన్నెండు అంగుళాల దగ్గరుంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటేదాకా ఊరుకుంటే పళ్ల చక్రాలూ పాడైపోతాయి, అప్పుడు రెండూ మార్చాలి. చైను ఒక్కటే మార్చినప్పుడయ్యే ఖర్చుకూ దీనికీ తేడా ఎక్కువ. వినియోగదారుడి ముందే స్కేలు పెట్టి చూపించే మెకానిక్ మీద నమ్మకం పెరుగుతుంది.

ఈ ప్రాంతంలో షాపులకు ఇప్పటికీ రోజువారీ కూలి సంపాదించిపెట్టేది మాత్రం పంచర్లే. కారణం సర్కారు తుమ్మ, పల్లేరు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు బీళ్లలో, చెరువు కట్టల మీద, రోడ్డు అంచుల్లో సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని ముల్లు టైరును గుచ్చుకొని విరిగి లోపలే ఉండిపోతుంది. మంచి మెకానిక్‌కూ తొందర మెకానిక్‌కూ తేడా తెలిసేది ఇక్కడే. ట్యూబు తీసి నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగ చూడటం అందరూ చేస్తారు. మంచివాడు ట్యూబు పక్కనపెట్టి టైరు లోపల వేళ్లతో మెల్లగా చుట్టూ తడుముతాడు, ముల్లు మొన దొరికేదాకా. దొరికాక శ్రావణంతో లాగి పడేసి, అప్పుడు ట్యూబును ఉప్పుకాగితంతో గీసి, సొల్యూషన్ రాసి, తడి ఆరి అది మసకబారేదాకా ఆగి ప్యాచ్ వేస్తాడు. తడి ఆరకముందే అంటిస్తే మే నెల ఎండకు ప్యాచ్ లేచిపోతుంది. ముల్లు తీయకుండా వేస్తే సందు దాటకముందే మళ్లీ గాలి పోతుంది. ఇంత పనికి తీసుకునే డబ్బు చాలా తక్కువ. ఇది తేలిక పని అని అందరూ అనుకోవడమే అందుకు కారణం.

ఇక ఆన్‌లైన్‌లో అట్టపెట్టెలో వచ్చే సైకిల్. ముప్పావు వంతు పైగా బిగించే ఉంది, మిగతాది మీరే చేసుకోవచ్చు అని పెట్టె మీద ఉంటుంది. మిగిలిన ఆ కొద్ది పనిలోనే ప్రమాదమంతా ఉంది. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్నా గమనించకుండా హ్యాండిల్ బిగించేస్తారు. ఎడమ పెడల్‌కు మర ఎదురు దిశలో ఉంటుంది. కుడి పెడల్ లాగే తిప్పి, పట్టడం లేదని స్పానర్‌తో గట్టిగా నొక్కితే అల్యూమినియం క్రాంకులో మర కోసుకుపోతుంది. కొత్త సైకిల్ మీద మొదటి రోజే క్రాంకు కొనాల్సి వస్తుంది. చివరికి ఆ పెట్టె పొగతోటలోనో ట్రంకు రోడ్డులోనో సైకిల్ షాపుకే వస్తుంది. అమ్మకంలో లాభం ఎవరికో పోయింది, బాధ్యత మాత్రం ఈ షాపు మీద పడింది. కొందరు షాపువాళ్లు కోపంతో, మా దగ్గర కొనలేదు కదా అని పంపించేస్తారు. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ పంపించేయడం నష్టమే. బిగించడానికి ఇంత, బెండు తీయడానికి ఇంత, ఓవరాయిలింగ్‌కు ఇంత అని బోర్డు రాసిపెట్టి, మొహమాటం లేకుండా తీసుకోవాలి. అట్టపెట్టె తెచ్చినవాడు రెండేళ్లు మరమ్మతుకు వచ్చే మనిషి. ప్రభుత్వం ఒకప్పుడు బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చినప్పుడు కూడా అమ్మకం షాపులకు రాలేదు. వాటి టైర్లు, బ్రేకులు, పంచర్లు మాత్రం ఊళ్లో షాపులకే వస్తాయి.

ధర విషయంలో షాపుకు ఈమధ్య కొంచెం ఊరట వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాడికి మేలే. కాంపొజిషన్ పథకంలో, అంటే మొత్తం అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్న చిన్న షాపులకు మాత్రం మొదట్లో చిక్కు. వాళ్లకు కొన్నప్పుడు కట్టిన పన్ను తిరిగి రాదు. 12 శాతం కట్టి తెచ్చిన పాత సరుకును కొత్త ధరకు అమ్మాలంటే ఆ తేడా వాళ్ల జేబులోంచే పోతుంది. ఇక్కడా ఎక్కువ సరుకు నిల్వ పెట్టినవాడే ఎక్కువ దెబ్బతిన్నాడు.

2020లో కరోనా సమయంలో పెద్దవాళ్లు ఒక్కసారిగా సైకిళ్ల మీద పడ్డారు, షిమానో సామాన్లు ప్రపంచమంతా దొరకలేదు, తర్వాత రెండు మూడేళ్లకు సరుకు పేరుకుపోయింది. ఆ ఊపులో కొన్న సైకిళ్లు చాలా ఇళ్లలో బాల్కనీల్లో గాలి దిగి ఉన్నాయి. షాపుకు అవి పాత సైకిళ్ల వ్యాపారంగా మళ్లీ దొరుకుతాయి. ట్యూబులు, కేబుళ్లు మార్చి, చైను కడిగి సగం ధరకు అమ్మితే స్కూలు తెరిచే జూన్‌లో కొనేవాళ్లున్నారు. బ్యాటరీ సైకిళ్లు వస్తున్నాయి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాటి చట్రం పని షాపు చేస్తుంది, కంట్రోలర్ పాడైతే కంపెనీకే పంపాలి. ఆ సంగతి అమ్మేటప్పుడే చెప్పాలి.

రాత్రిపూట పదహారో నంబరు హైవే దాటాల్సిన సైకిళ్లకు వెనక ఎర్ర లైటు తప్పనిసరిగా ఉండాలి. రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లోనే ఉత్తర్వు తెచ్చింది, కొత్త సైకిళ్లకు అవి వస్తాయి. కానీ వెనక మడ్‌గార్డు ఊడిపోతే రిఫ్లెక్టరూ దాంతోనే పోతుంది. పంచరుకు వచ్చిన ప్రతి సైకిలుకూ అది ఉందో లేదో చూసి, లేకపోతే ఒకటి బిగించడం షాపు చేతిలోని పని. పేపర్ వేసే కుర్రాళ్లు, చెరువుల కాపలాకు వెళ్లేవాళ్లు తొక్కేది చీకట్లోనే.

ఇక మిగిలింది చేతిపని నేర్చుకునే మనుషుల సమస్య. చక్రం బెండు తీయగలిగిన చెయ్యి మోటార్ సైకిల్ షెడ్డుకు పోతే ఎక్కువ సంపాదిస్తుంది, పోతోంది కూడా. సైకిల్ దగ్గర ఉండాలంటే మరమ్మతు ధర పెరగాలి. ధర పెరగాలంటే పని తేడా కళ్లకు కనిపించాలి. అందుకు ఖరీదైన పనిముట్లు అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. పాత షాపుల్లో బెండు తీసే స్టాండు ఎటూ ఉంటుంది. మొదట కొనాల్సింది హ్యాంగర్ సరిచేసే గేజీ. దాన్ని డెరైలర్ తీసిన చోట బిగించి, చక్రం చుట్టూ నాలుగు వైపులా రిమ్ముకు దూరం ఒకేలా వచ్చేదాకా మెల్లగా వంచాలి. పది నిమిషాల పని, పిల్లాడి గేర్లన్నీ మళ్లీ టకటకా పడతాయి. హ్యాంగర్ల ఆకారాలు ఎన్ని రకాలైనా వాటిలో మర దాదాపు అన్నిటికీ ఒకటే, పది మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటర్ పిచ్. కాబట్టి ఏ కంపెనీ సైకిల్ వచ్చినా ఒక్క గేజీతోనే పని జరుగుతుంది.